చిల్లర బాకీ

పద్దెనిమిదేండ్లు ఈ తొవ్వల నిలబడే తిరిగిన.
హన్మకొండ నుంచి భూపాలపల్లి,
భూపాలపల్లి నుంచి హన్మకొండ.
ఏ స్టేజీకి ఎంత టికెట్టో నిద్రల లేపి అడిగినా చెప్త.
ఏ స్టేజీకి ఎన్ని అడుగులో
ఇయ్యాలే తెలుస్తున్నది.

తెల్లారగట్ల నాలుగింటికి
ములుగు రోడ్డు కాడ కలిసినం ముప్పై ఒక్క మందిమి.
మెడికల్ కాలేజీ పిల్లలు, ఇద్దరు బ్యాంకోళ్లు,
రిటైరైన డ్రిల్లు మాస్టరు ఒకాయన,
ఖాకీ చొక్కా లేకుంట నేను.
రెండు రోజుల నడక.
ఆఖరికి పాండవుల గుట్ట ఎక్కాలె.
కిలోమీటరుకు ఇంత అని ఒప్పుకున్నోళ్ల పైసలు
క్యాన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబుకు పోతయి.

నేను చందా బుక్కు పట్టుకోలే.
మిషిన్లు రాకముందటి టికెట్ల కట్ట ఒకటి
బీరువాల బట్టల కింద ఉండె.
అది తీస్కపోయి డిపోల కూసొని కిలోమీటర్లమ్మిన.
డ్రైవర్ ఓదేలన్న గూడెప్పాడు దాక కొన్నడు.
క్యాంటీన్ అంజుమ్ బీ
"ఎండ తక్కువుండే రెండు చూసియ్యి బిడ్డా" అన్నది.
పంక్చర్ల మొగిలి మాత్రం నిలదీసిండు.
"పట్నం దవాఖానకు పోయేటోళ్లకు
బస్సు కిరాయన్న ఇయ్యరాదక్కా,
అద్దాల కింద పెట్టి చూసేటోళ్లకెందుకు?"
నా దగ్గర జవాబు లేదు.
మళ్ల వాడే పది రూపాయలు చేతుల పెట్టిండు.
అర టికెట్టు చింపిచ్చిన.

సరోజన నాకన్న నాలుగేండ్లు సీనియరు.
జాతర డ్యూటీల బస్సు కింద పడుకున్నం,
ఒక్క డబ్బల తిన్నం.
రొమ్ముల గట్టిగ తగిలినదాన్ని
క్యాష్ బ్యాగు పట్టీ ఒరుసుకపోయిందనుకున్నది.
"పట్టీ భుజం మార్చి ఏస్కో" అన్నది నేనే.
ఆ మాట
ఇయ్యాల్టికీ నా చెప్పుల రాయి.

ఈ రకం దానికి ఇంకా సరైన మందు రాలేదని
డాక్టరు చెప్పిన రోజు
బయట బెంచీ మీద ఏడుస్తున్న నన్ను
లాస్టు బస్సు పోయిందని గొడవచేసే ప్యాసింజరును
ఊకుంచినట్టే ఊకుంచింది.
"సర్వీసున్నదట పిల్లా.
టైమే తెల్వదట."

ఊరుగొండ దాటంగ పొద్దు పొడిసింది.
పత్తి చేన్ల ఆడోళ్లు నడుము లేపి చూసిండ్రు,
మొక్కు ఏ దేవునికని అడిగిండ్రు.
దేవుడు కాదక్కా, ల్యాబు అన్న.
ఏ ఊర్ల ఉన్నదది అని అడిగింది ఒకామె.

పరకాల ఇంకా ఆరు కిలోమీటర్లుందనంగ
నా బస్సే నన్ను దాటింది.
ఓదేలన్న మెల్లగ చేసి హారన్ కొట్టిండు.
ఫుట్‌బోర్డు మీద కొత్త పిల్ల,
సరోజన పోస్టుల వచ్చినామె,
"ఎక్కుతవా మేడం" అని నవ్వింది.
మడిమ మీద బొబ్బ పలిగి ఉన్నది.
ఎక్కాలనే అనిపించింది. అబద్ధమెందుకు.

రాత్రి బడిల పడుకున్నం.
డ్రిల్లు మాస్టరు నా కాళ్లకు పసుపు పెట్టి పట్టీ కట్టిండు.
తన భార్య సంగతి ఏం చెప్పలే,
కట్టుడు మాత్రం బాగ వచ్చు ఆయనకు.

మర్నాడు గుట్ట.
బండలు వీపుకు రాసుకునే సందుల్ల నుంచి
ఒకరి చెయ్యి ఒకరం పట్టుకొని ఎక్కినం.
పైన రాతికి ఎర్రటి జింక బొమ్మ.
ఎన్ని వేల ఏండ్లదో పిల్లలు లెక్కగడుతున్నరు.
నేను ఊకె చూసుకుంట నిలబడ్డ.
నిలబడుడు నాకు అలవాటే.

సిగ్నల్ దొరకంగనే మొగిలి ఫోను.
"ఎక్కినవా?"
"ఎక్కిన."
"నా అర కిలోమీటరు ఏడ పడ్డది?"
"రేగొండ ముంగట. కుక్కలెంబడి పడ్డయి, ఉరికిన."
"అయితే నాది నడవనేలేదన్నట్టు. వాపసియ్యి."

ఇయ్యలేను మొగిలీ.
నీ టికెట్టు తిప్పి చూడు.
అందరి వాటి వెనక రాసినట్టే
అలవాటు కొద్ది దాని మీద కూడ రాసిన,
చిల్లర బాకీ అని.
ఎంతనో రాయలే.
ఎవలిస్తరో, ఎప్పుడిస్తరో తెల్వది.
దిగేదాక
టికెట్టు మాత్రం పారేయకు.